అమ్మ మోకాళ్లకు తగ్గ బండి

పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, ఇంకా దూరానో. అమ్మానాన్నలు సొంతూళ్లో. ఆరేడు లక్షల్లో వాళ్లకో సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొనిపెట్టాలంటే ఏం చూడాలి?

మోకాళ్లు పెద్ద డాక్టరుకు చూపించుకోవాలంటే జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లాలి. జంగారెడ్డిగూడెం వాళ్లయితే ఏలూరో రాజమండ్రో వెళ్లాలి. బస్సు మెట్టు ఎత్తు. ఆటో కుదుపులకు నడుము తట్టుకోదు. అద్దె కారు మాట్లాడుకుంటే బయట వెయిటింగ్ చార్జీ పెరుగుతోందన్న బెంగతో డాక్టరు దగ్గర నాలుగు మాటలు కూడా స్థిమితంగా చెప్పుకోలేరు. నాన్న స్కూటరు పక్కన పెట్టేసి చాలాకాలమైంది. పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం తగ్గించుకుంటూ వస్తున్నారు. ‘ఇంట్లోనే ఒక బండి ఉంటే?’ అన్న ఆలోచన పిల్లలకు వచ్చేది ఇలాంటప్పుడే.

ఆలోచన మంచిదే. దాన్ని అమలు చేసేటప్పుడే పొరపాటు జరుగుతుంది. ఫోన్లో కార్ల యాప్ తెరిచి సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్, అలాయ్ వీల్స్, ఎరుపు రంగు అంటూ వెతుకుతాం. అవన్నీ మన కోరికలు. ఆ బండిలో రోజూ ఎక్కి దిగేది అరవై ఐదేళ్ల మనిషి. అది ఆగిపోతే బాగుచేయాల్సింది ఆ ఊరి మెకానిక్. అది తిరగాల్సింది ఆ ఊరి గతుకుల్లో, నల్లరేగడి బురదలో. ఎంపిక అక్కడి నుంచి మొదలుకావాలి.

కుర్చీ కొలవండి

ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లో టేపు తీయమని నాన్నకు చెప్పండి. అమ్మ ఎవరి సాయం లేకుండా లేవగలిగే కుర్చీ ఒకటి ఇంట్లో ఉంటుంది. నేల నుంచి దాని సీటు ఎంత ఎత్తుందో కొలవండి. కారు చూడటానికి వెళ్లినప్పుడు అదే టేపుతో నేల నుంచి కారు సీటు అంచు దాకా కొలవండి. కుర్చీతో సమానంగానో, రెండు మూడు అంగుళాలు ఎక్కువగానో ఉంటే ఆమెకు ఇబ్బంది ఉండదు. అంతకంటే తక్కువైతే కూర్చునేటప్పుడు మోకాళ్లు బాగా మడవాలి, లేచేటప్పుడు డోరు పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాలి. చిన్న కార్లతో, సెడాన్లతో వచ్చే చిక్కు ఇదే. మరీ ఎత్తైనా కష్టమే. స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి బండ్లు ఎక్కాలంటే ఒంటి బరువంతా ఒక్క మోకాలి మీద మోపాలి. పైగా చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి.

మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఫిజియోథెరపిస్టులు కారెక్కే పద్ధతి ఒకటి నేర్పుతారు. కారుకు వీపు పెట్టి నిలబడి, ముందు సీటు మీద కూర్చోవాలి. ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దీనికి సీటు సరైన ఎత్తులో ఉంటే చాలదు, డోరు బాగా వెడల్పుగా తెరుచుకోవాలి. డోరు కింది గడప కూడా వెడల్పు తక్కువగా ఉండాలి. వానాకాలంలో ఆ గడప మీదే బురద పేరుకుంటుంది, దిగేటప్పుడు చీరకు అంటుకునేది అదే.

విజయవాడలో ఒక సెకండ్స్ కార్ల యార్డులో రిటైరైన హెడ్మాస్టారు దంపతుల్ని చూశాను. కొడుకు వీడియో కాల్‌లో ఉన్నాడు. “నాన్నగారూ, దీనికి సన్‌రూఫ్ కూడా ఉంది, చూడండి” అన్నాడు. ఆయన పైకి చూడలేదు. “వెనక సీటుకు ఏసీ గాలి వస్తుందేమో కనుక్కోరా. మీ అమ్మ కూర్చునేది అక్కడే” అన్నారు. ఆవిడ అప్పటికే వెనక డోరు తీసి ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. రెండోసారి దిగేటప్పుడు డోరు పైన పట్టుకోవడానికి చెయ్యి చాపారు. అక్కడ హ్యాండిల్ లేదు. ముందు సీటు ఊతంగా పట్టుకుని ఎలాగో దిగి, “ఇది వద్దండీ” అన్నారు. సన్‌రూఫ్ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అందుకే బండి చూడటానికి నాన్న ఒక్కరే వెళ్తే సరిపోదు. అమ్మ కూడా వెళ్లాలి. రోజూ కట్టుకునే చీరలోనే వెళ్లాలి. వెళ్లేది చల్లని సాయంత్రం కాకుండా మిట్టమధ్యాహ్నమైతే ఏసీ సంగతి కూడా తేలిపోతుంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండను తట్టుకునేవాళ్లకు వెనక ఏసీ వెంట్లు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. 2022 ముందరి బ్రెజాకు అవి లేవు. పాత పంచ్‌కూ లేవు. మొదటితరం క్రెటాకు, నెక్సాన్, వెన్యూల్లో పై రకాలకు ఉన్నాయి.

తోలేదెవరు?

ఇంట్లో ఈ ప్రశ్న అడగడానికి పిల్లలు మొహమాటపడతారు. నాన్న జీవితమంతా బండి తోలిన మనిషి, ఇప్పుడు తోలగలరా అని అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని జంకుతారు. అయినా అడగాలి. కంటి శుక్లాలు ముదిరితే రాత్రిపూట ఎదురు లైట్లు తట్టుకోలేరు. మెడ పూర్తిగా తిరగకపోతే రివర్స్ కష్టం. పగలు ఊళ్లో ఆయన తోలుతారు, దూరాలకు యాక్టింగ్ డ్రైవర్ వస్తాడు అన్నది చాలా ఇళ్లలో కుదిరే ఏర్పాటు. అలాంటప్పుడు స్టీరింగ్ ముందున్న హంగులకన్నా వెనక సీటు సుఖానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఆయనే తోలితే ఆటోమేటిక్ తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. సిగ్నళ్ల దగ్గర క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు నొప్పెట్టడం ఈ వయసులో మామూలే. ఆటోమేటిక్ అన్న పేరు ఒకటే, లోపలి యంత్రాలు మాత్రం వేరువేరు. నెక్సాన్, పంచ్‌లలో ఉండే ఏఎంటీ మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మనకు బదులు ఒక యంత్రం చేస్తుంది. మైలేజీ బాగుంటుంది, రిపేరు ఖర్చు తక్కువ. గేరు మారినప్పుడల్లా చిన్న జర్క్ వస్తుంది, ఎత్తులో ఆగి కదిలేటప్పుడు కొద్దిగా వెనక్కి జారొచ్చు. బ్రెజా పెట్రోలులో, మొదటితరం క్రెటాలో ఉన్నది టార్క్ కన్వర్టర్. నూనె ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి కుదుపు లేకుండా మెత్తగా కదులుతుంది. కాస్త పెట్రోలు ఎక్కువ తాగినా పెద్దవాళ్లకు అదే నప్పుతుంది. వెన్యూ టర్బోలో ఉన్న డ్యుయల్ క్లచ్ హైవే మీద చక్కగా పరుగెడుతుంది కానీ, ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. వారంటీ అయిపోయాక చెడితే బిల్లు భారీగా ఉంటుంది. అమ్మానాన్నల కోసం నేనైతే దాని జోలికి పోను.

ఇక పెట్రోలా, డీజిలా? దీని మీద పెద్ద చర్చ అక్కర్లేదు, పెట్రోలే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. గుడికి, కూరగాయల మార్కెట్‌కు, బ్యాంకుకు తిరిగే బండికి ఆ అవకాశం ఎక్కడిది? ఫిల్టరు మూసుకుపోతుంది, మీటరులో హెచ్చరిక లైటు వెలుగుతుంది, షెడ్డుకు తిరగడం మొదలవుతుంది. తక్కువ తిరిగే ఇంటికి డీజిల్ మీద మిగిలే డబ్బు ఆ రిపేర్లకే సరిపోదు. పెట్రోలు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లను దానికోసం చేయలేదు కాబట్టి, సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్లు చూడమని చెప్పాలి.

ఏ బండి, ఏ ఏడాది?

తయారైన సంవత్సరం విషయంలో నేను గీసే గీత 2019 జులై. ఆ నెల నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, స్పీడు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు ప్రతి కారుకూ తప్పనిసరయ్యాయి. అదే ఏడాది ఏప్రిల్ నుంచి ఏబీఎస్ కూడా తప్పనిసరైంది. మెడ తిప్పలేని మనిషికి వెనక ‘టిక్ టిక్’మనే సెన్సరు పెద్ద తోడు. ముందు సీటులో కూర్చునేవారికీ ఎయిర్‌బ్యాగ్ ఉందో లేదో విడిగా అడగాలి. అది అన్ని కార్లకూ తప్పనిసరైంది 2022 మొదట్లోనే.

చిన్న పట్టణంలో ఉండే పెద్దవాళ్లకు నేను ముందు చెప్పే పేరు 2020-22 మధ్య వచ్చిన బ్రెజా పెట్రోలు ఆటోమేటిక్. వెనక ఏసీ వెంట్లు లేకపోవడం లోటే. గేర్లు కూడా నాలుగే. కానీ మండల కేంద్రంలో మెకానిక్‌కైనా ఆ ఇంజిన్ తెలుసు, స్పేర్ పార్టు మరుసటి రోజుకు వస్తుంది. కారు రోడ్డు పక్కన ఆగిపోయి, పిల్లలు మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. రెండో పేరు 2021 అక్టోబరులో వచ్చిన పంచ్ ఏఎంటీ. దాని డోర్లు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. కూర్చుని కాళ్లు తిప్పుకునే పద్ధతికి ఈ బడ్జెట్‌లో దీన్ని మించింది నాకు కనపడలేదు. ఇంజిన్ కాస్త నెమ్మది, ఘాట్ ఎక్కేటప్పుడు ఓపిక కావాలి. అసలు తోలేది డ్రైవరే, అమ్మానాన్నలిద్దరూ వెనకే కూర్చుంటారు అనుకుంటే మొదటితరం క్రెటా 1.6 పెట్రోలు ఆటోమేటిక్ హాయిగా ఉంటుంది. అది 2020 మార్చి దాకా వచ్చింది కాబట్టి 2019 జులై తర్వాతి బండి కోసం ఓపిగ్గా వెతకాలి.

గట్టి బాడీ కావాలనుకునేవారికి నెక్సాన్ ఉంది. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న తొలి భారతీయ కారు అది. 2020 జనవరిలో ఎక్స్‌యూవీ300 కూడా ఐదు తెచ్చుకుంది. కాకపోతే దాని డిక్కీ 257 లీటర్లే. మడత వీల్‌చైర్ పెడితే బియ్యం బస్తాకు చోటుండదు. పెనుకొండలో తయారై 2019 ఆగస్టులో రోడ్డెక్కిన సెల్టోస్ మన గడ్డ మీద పుట్టిన బండి. 1.5 పెట్రోలు ఆటోమేటిక్ అయితే పెద్దవాళ్లకు చాలా బాగుంటుంది. ధర మాత్రం ఈ బడ్జెట్‌ను దాటిపోవచ్చు.

ఎకోస్పోర్ట్ చౌకగా దొరుకుతుంది, నడక అద్భుతం. అయినా వద్దంటాను. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద నగరంలో ఉన్నవాళ్లు నెట్టుకురాగలరు. ఊళ్లో ఉండే పెద్దాయన ఒక సెన్సరు కోసం హైదరాబాద్ దాకా పరుగెత్తలేరు. పైగా స్టెప్నీ టైరు వెనక డోరుకే బిగించి ఉంటుంది. ఆ బరువైన డోరును పక్కకు లాగి తెరవడం, మూయడం అమ్మ చేతికి మించిన పని.

యార్డులో రెండు గంటలు

బండి నచ్చాక ఆత్రం ఎక్కువవుతుంది. అప్పుడే నెమ్మదించాలి. చూడాల్సినవాటిలో సగం కంటితోనే తెలిసిపోతాయి, మెకానిక్ రాకముందే చూసుకోవచ్చు.

టైర్లతో మొదలుపెట్టండి. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 3521 అని ఉంటే 2021లో ముప్పై ఐదో వారంలో తయారైందని లెక్క. కారు 2020ది, మీటరు 28 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, నాలుగు టైర్లూ 2024వి అనుకోండి. కంపెనీ టైర్లు మామూలుగా నలభై వేల దాకా వస్తాయి. మరి ఇరవై ఎనిమిది వేలకే నాలుగూ ఎందుకు మార్చారు? మీటరు వెనక్కి తిప్పి ఉండొచ్చు. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిందా, స్టీరింగ్ మెరుపు తేలిందా, డ్రైవర్ సీటు అంచు కుంగిందా చూస్తే ఆ అనుమానం తేలుతుంది. అన్నిటికన్నా నమ్మకమైనది కంపెనీ సర్వీసు రికార్డు. బండి నంబరుతో షోరూములో అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసుకు వచ్చిందో కంప్యూటర్లో ఉంటుంది. దాన్ని ఓనర్ చేతే అడిగించండి. ఆయన వెనకాడితే ఆ బండి వదిలేయండి.

యాక్సిడెంటు అయిందో లేదో తెలియాలంటే డోరు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను కాస్త లాగి చూడాలి. కంపెనీలో వేసిన స్పాట్ వెల్డింగ్ గుర్తులు ఒకే దూరంలో, గుండ్రంగా, వరసగా కనిపిస్తాయి. ఆ వరస తప్పినా, అక్కడ లప్పం పూసినట్టు నున్నగా ఉన్నా పిల్లర్ దెబ్బతిన్నదన్నమాట. బానెట్ తెరిచి ఫెండర్ బోల్టులు చూడండి, స్పానరు పెట్టిన బోల్టు మీద పెయింటు లేచి ఉంటుంది. అద్దాలన్నిటి మీదా ఒకే కంపెనీ ముద్ర ఉందా చూడండి. ఒక్క డోరు అద్దం మాత్రం వేరేది అయితే ఎందుకు మార్చారో అడగాలి. బంపరు టచప్‌లకు, చిన్న గీతలకు భయపడక్కర్లేదు. మన ఊళ్ల ట్రాఫిక్‌లో అవి లేని బండి ఉండదు. పిల్లర్, చాసీ దెబ్బతిన్న బండిని మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

వరదలో మునిగిన బండి అంతకన్నా ప్రమాదం. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. వీధుల్లో నిలబెట్టిన కార్లు నీళ్లలోనే ఉండిపోయాయి. బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద తేల్చిన బండ్లు వేలానికి వెళ్తాయి. కొందరు వాటిని కొని, కడిగి, సీట్లు మార్చి మళ్లీ అమ్మకానికి పెడతారు. పైకి తళతళలాడతాయి. ఆరునెలల తర్వాత ఒక్కో వైరూ తుప్పు పట్టి, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకసారి, పవర్ విండో ఇంకోసారి మొరాయిస్తాయి. హైవే మీద ఇంజిన్ ఆగిపోవచ్చు కూడా. కనిపెట్టాలంటే సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి. చుట్టలో లోపలుండే ఆఖరి మూరెడు పట్టీని కడిగేవాళ్లు తక్కువ. అక్కడ ఒండ్రు మరక గీత కనిపిస్తే ఇంక మాట్లాడకుండా వచ్చేయండి. సీటు కింది పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంతలో ఎండిన మట్టి, కార్పెట్ ఎత్తితే ముక్క వాసన, వీటిలో ఏది ఉన్నా అంతే. లోపల సెంటు గుప్పుమంటుంటే ఇంకొంచెం ఎక్కువ వెతకాలి.

ఆ తర్వాత మెకానిక్. యార్డువాళ్లు చూపించిన మనిషి వద్దు, నాన్నకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లండి. దారి ఖర్చులు, ఒకరోజు కూలీ ఇవ్వండి. రేపు ఈ బండి బాధ్యత చూసేది అతనే, అతను ‘సరే’ అన్న బండికి అతను మాట పడతాడు. అంతకుముందు రాత్రంతా నిలిపి ఉంచిన బండినే, ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజిన్ పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే శబ్దాన్ని దాచేస్తుంది. తోలి చూసేటప్పుడు పాటలు ఆపేసి, అద్దాలు దించి, గతుకుల మీద నడపాలి. సస్పెన్షన్ బుష్‌లు పోతే కింద టకటకమని వినిపిస్తుంది.

చేతిలో డబ్బంతా కారు ధరకే పెట్టొద్దు. నాలుగు టైర్లు మార్చాల్సి వస్తే పాతిక వేలు దాటవచ్చు. బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, ఆయిళ్లు, ఏసీ గ్యాసు కలిపితే ఇంకొంత. ధరలో పదో వంతు మొదటి నెల పనులకు పక్కన ఉంచుకోవడం మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కదా, ఆ తగ్గింపును యార్డువాళ్లకు గుర్తుచేసి బేరమాడండి. పాత ధరలే చెబుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

కాగితాలు

ఆర్సీలో ఉన్న పేరు, అమ్ముతున్న మనిషి ఒకరేనా చూసి, డబ్బు ఆ పేరున్న బ్యాంకు ఖాతాకే వేయాలి. ఏజెంటు ఖాతాకు వద్దు. ఫైనాన్స్ ఉన్న బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా సొమ్ము. ఫారం 29, 30 మీద సంతకాలు, పాత చలాన్ల చెల్లింపు ఆ రోజే అయిపోవాలి. ఢిల్లీ చుట్టుపక్కల పాత బండ్ల మీద ఉన్న ఆంక్షల వల్ల అక్కడి కార్లు చౌకగా మన వైపు వస్తుంటాయి. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ లెక్క వేసుకుంటే చవక చవకగా ఉండదు, ఆఫీసుల చుట్టూ తిరిగే కష్టం నాన్న మీద పడుతుంది. బీమా కూడా పద్నాలుగు రోజుల్లోగా కొత్త ఓనర్ పేరుకు మార్చాలి. లేకపోతే యాక్సిడెంటు అయినప్పుడు మన బండి నష్టానికి క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. పాత ఓనర్‌కున్న నో క్లెయిమ్ బోనస్ మనకు రాదు, అది మనిషికే గానీ బండికి కాదు. ఆర్సీ నాన్న పేరునో, అమ్మ పేరునో చేయించండి. బండి వాళ్లది.

మొదటి నెల

మొదటి రెండు వారాలు పిల్లలెవరైనా ఊళ్లో ఉండగలిగితే మంచిది. నలభై ఏళ్లు గేరు బండి తోలినవారికి ఆటోమేటిక్ ఎక్కగానే ఎడమ కాలితో ఇబ్బంది వస్తుంది. ఆగాల్సినప్పుడు అలవాటుగా ఆ కాలు క్లచ్ కోసం వెతికి బ్రేకును గట్టిగా తొక్కేస్తుంది. వెనకొచ్చే బండి గుద్దుకునే ప్రమాదం ఉంది. అంతకన్నా ప్రమాదం పార్కింగులో కంగారుపడి బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం. ఎడమ కాలు బాగా వెనక్కి, సీటు కిందకు లాగిపెట్టుకుని, ఒక్క కుడి కాలితోనే రెండు పెడళ్లూ వాడటం అలవాటయ్యేదాకా ఖాళీ గ్రౌండులో పొద్దున్నే సాధన చేయించాలి. రివర్స్ మాటిమాటికీ చేయించాలి. తిరుమల నుంచో, శ్రీశైలం నుంచో కిందికి దిగేటప్పుడు ‘డి’లో వదిలేసి బ్రేకు మీదే బండిని ఆపుకుంటూ వస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. లీవరును తక్కువ గేరుకు మార్చి ఇంజిన్‌తోనే వేగాన్ని అదుపు చేయడం ఎలాగో ఎదురుగా చేసి చూపించాలి. బండిని రోజుల తరబడి నిలబెట్టొద్దని కూడా చెప్పాలి. బ్యాటరీ దిగిపోతుంది, బానెట్ కిందికి ఎలుకలు చేరి వైర్లు కొరికేస్తాయి. వారానికి రెండుసార్లు అయినా పక్కూరి దాకా వెళ్లిరమ్మనండి. అమ్మను కూడా తీసుకెళ్లమనండి.

చివరిగా నాన్న లైసెన్సు. యాభై ఐదు దాటాక రెన్యువల్ చేయిస్తే అయిదేళ్లే ఉంటుంది, డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. స్కూటరు మానేసినప్పటి నుంచి ఆ కార్డు బీరువాలోనే ఉండిపోయి ఉంటుంది. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరుకావాలి. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా తోలితే బీమా క్లెయిమ్ కూడా రాదు. కారు వెతకడం మొదలుపెట్టిన రోజే ఆ కార్డు తీసి తేదీ చూడమనండి.